ఆన్‌లైన్ ఆరోగ్యసేవలు – అతిప్రచారం వలన కలుగు అనర్థాలు

చరకసంహిత సూత్రస్థానంలో దశప్రాణాయతనీయమను ఇరువది తొమ్మిదవ అధ్యాయం కలదు. వైద్యులు రెండు విధాలని అందులో చెప్పబడినది. రోగాన్ని హరించి ప్రాణాన్ని నిలుపువారు ప్రాణాభిసరులు. ప్రాణాన్ని హరించి రోగాన్ని నిలుపువారు రోగాభిసరులు. ఈ రెండవ రకం వారిని గుర్తించుటకు ఆచార్యుడు చెప్పిన లక్షణాలలో చికిత్సకు సంబంధించిన వాటికన్న ప్రచారానికి సంబంధించినవే ఎక్కువగా కనిపించును. ఎవరికైనా జబ్బు చేసినదని వినగానే వీరు పరుగున వెళ్ళి, రోగి బంధువుల చెవిన పడునట్లు తమ గొప్పను బిగ్గరగా చెప్పుకొందురు. చికిత్స ఫలించనప్పుడు లోపాన్ని రోగి మీదికి, అతని పరిచారకుల మీదికి నెట్టి తప్పుకొందురు.

ఇంటర్నెట్ ద్వారా ఆరోగ్యసేవలు అందించువారందరూ ఇట్టివారని మా ఉద్దేశం కాదు. వారిలో చాలమంది సమర్థులు, సదుద్దేశం కలవారు. అయితే పాఠకులు ఒక విషయం గమనించవలెను. సేవ సిద్ధం కాకముందే దానిని ఆకాశానికి ఎత్తినచో, నిర్మించినవారు ఎంత మంచివారైనను, ఆ పొగడ్తయే సేవను చెడగొట్టును. అందువలన కలుగు కష్టం పొగిడినవారికన్న ముందు రోగికి చేరును. ఇది ఎట్లు జరుగునో తెలుపుటకు 2013లో అమెరికాలో జరిగిన ఉదంతం కన్న మంచి ఉదాహరణ లేదు. దాని వివరాలు ఆ దేశపు చట్టసభ విచారణలలోను, ప్రభుత్వ తనిఖీ నివేదికలలోను నమోదై ఉన్నవి కనుక ఊహలతో పని లేదు.

టీవీ కొన్నంత తేలిక

అమెరికాలో వైద్యం మిక్కిలి ఖరీదైనది. బీమా లేనివారు ఒక్కసారి పెద్ద ఆసుపత్రిలో చేరినచో ఏళ్ళ తరబడి అప్పు తీర్చుకొనవలసి వచ్చును. వృద్ధులకు మెడికేర్, నిరుపేదలకు మెడికెయిడ్ అను ప్రభుత్వ పథకాలు ఉన్నవి. స్థిరమైన ఉద్యోగాలు ఉన్నవారిలో చాలమందికి యజమానులే బీమా కల్పింతురు. ఈ మూడింటిలో దేనికీ చెందని చిన్న వ్యాపారులు, తాత్కాలిక ఉద్యోగులు, పని కోల్పోయినవారు అప్పట్లో కోట్లలో ఉండేవారు. వీరిలో క్యాన్సరు, గుండెజబ్బు, మధుమేహం వంటి పాత వ్యాధులు ఉన్నవారికి బీమా కంపెనీలు పాలసీ ఇచ్చుటకే నిరాకరించేవి. 2010 మార్చి 23న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన చట్టం ఈ నిరాకరణను 2014 జనవరి 1 నుండి నిషేధించినది. ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రీమియంలో ప్రభుత్వ సహాయం కూడ ఏర్పాటు చేసినది.

పాలసీలను పోల్చి చూచి ఎంచుకొనుటకు ఒక ఆన్‌లైన్ అంగడి అవసరమైనది. కొన్ని రాష్ట్రాలు తమ సొంత వెబ్‌సైట్లను పెట్టుకొన్నవి. మిగిలిన 36 రాష్ట్రాల ప్రజలకొరకు కేంద్ర ప్రభుత్వమే హెల్త్‌కేర్ డాట్ గవ్ అను వెబ్‌సైటును సిద్ధం చేయించినది. ప్రారంభ దినం 2013 అక్టోబరు 1. ఆ రోజు అధ్యక్షుడు స్వయంగా వైట్‌హౌస్ తోటలో నిలబడి, ఇంటర్నెట్‌లో విమానం టికెట్టో, అమెజాన్‌లో టీవీయో కొన్నట్లే ఇకమీదట ఆరోగ్యబీమాను కూడ పక్కపక్కన పెట్టి పోల్చి కొనవచ్చునని చెప్పినారు.

పోలిక వినుటకు ఇంపుగా ఉన్నది. కాని టీవీ అమ్మువాడు కొనువాని ఆదాయం అడుగడు, పౌరసత్వం అడుగడు, ఇంటిలో ఎందరున్నారని అడుగడు. ఈ వెబ్‌సైటు అవన్నీ అడగవలెను. అడిగి ఊరకుండిన చాలదు. ఆ మనిషి చెప్పినది నిజమా కాదా అని సాంఘిక భద్రతా శాఖ, ఆదాయపు పన్ను శాఖ, దేశ భద్రతా శాఖల కంప్యూటర్లను అప్పటికప్పుడు సంప్రదించవలెను. ఆ జవాబులను బట్టి సహాయం ఎంత వచ్చునో లెక్క కట్టి, పాలసీలను చూపి, ఎంచుకొన్న తరువాత ఆ వివరాలను సంబంధిత బీమా కంపెనీకి తప్పు లేకుండ పంపవలెను. వేరువేరు కాలాలలో, వేరువేరు పద్ధతులలో తయారైన ఇన్ని యంత్రాంగాలు ఒకే క్షణంలో ఒకదానితో ఒకటి మాట్లాడవలసిన పని ఇది. దీనిని టీవీ కొనుటతో పోల్చినందున, ప్రజలు దానిని టీవీ అంగడి కొలతతోనే కొలిచినారు.

మొదటి ఇరువది నాలుగు గంటలలో సుమారు 47 లక్షల సందర్శనలు జరిగినవి. ఒకే సమయంలో 50 వేల నుండి 60 వేల మంది వరకు వత్తురని నిర్మాతలు అంచనా వేయగా, రెండున్నర లక్షల మంది వచ్చినారని ప్రభుత్వ సాంకేతికాధికారి తరువాత చెప్పినారు. అయిదు వందల విస్తళ్ళకు వంట చేయించి, ఊరంతటికీ శుభలేఖలు పంచిన పెళ్ళివారి స్థితి ఏర్పడినది. పెళ్ళిలో భోజనం దొరకని అతిథి అలిగి వెళ్ళిపోవును. ఇంటర్నెట్‌లో అట్లు కాదు. తెర మీద ఏమీ రాకున్న మనిషి మరల మరల అదే మీటను నొక్కును. ఒక్కొక్క నొక్కుడు యంత్రానికి ఒక కొత్త అతిథితో సమానం. కావున విఫలమైన ప్రతివాడు రద్దీని పెంచుచు పోవును.

దీనికి తోడు మరొక పొరపాటు జరిగినది. ముందుగా ఖాతా తెరిచి, గుర్తింపు నిరూపించుకొన్న తరువాతనే పాలసీల ధరలు కనిపించునట్లు ఏర్పాటు చేసినారు. ఊరక ధరలు చూచి పోదలచినవాడు కూడ ఆ ఇరుకు ద్వారం గుండానే రావలసి వచ్చినది. మొదటి దినం ముగియునప్పటికి ఆ వెబ్‌సైటు ద్వారా బీమా ఎంచుకొనగలిగినవారి సంఖ్య 6. లక్షలు కాదు, వేలు కాదు, ఆరుగురు. రెండవ దినం ముగియునప్పటికి 248. ఈ అంకెలు చట్టసభ సంఘం బయటపెట్టిన అధికారిక పత్రాలలో ఉన్నవి.

తేదీ ప్రతిజ్ఞగా మారినప్పుడు

ఇంతటి లోపాలు ప్రారంభానికి ముందు ఎవరికీ తెలియవా? తెలిసినవి. 2013 వసంతకాలంలోనే మెకిన్సీ అను సలహా సంస్థ ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించినది. కావలసినదేమో ఇంకా మారుచునే ఉన్నదనీ, మొదటినుండి చివరివరకు మొత్తాన్ని కలిపి పరీక్షించుటకు తగిన సమయం లేదనీ అందులో హెచ్చరించినారు. అక్టోబరు 24న చట్టసభ సంఘం ముందు సాక్ష్యం చెప్పిన కాంట్రాక్టు సంస్థల ప్రతినిధులు, అటువంటి సంపూర్ణ పరీక్ష ప్రారంభానికి ముందు చివరి రెండు వారాలలోగాని జరుగలేదని ఒప్పుకొన్నారు. కొన్ని వందల మందితో చేసిన పరీక్షలోనే వెబ్‌సైటు నిలిచిపోయినట్లు తరువాత పత్రికలలో వచ్చినది.

అయినను తేదీ మారలేదు. ఇక్కడనే ప్రచారం యొక్క అసలు దోషం కనిపించును. సాధారణంగా అతిప్రచారం వలన వచ్చు నష్టం అనగా ప్రజలు నిరాశ చెందుట అని మాత్రమే అనుకొందుము. అది తరువాతి మాట. ముందుగా ప్రచారం పనిచేయువారి నోరు కట్టివేయును. దేశాధ్యక్షుడు ఊరూరా తిరిగి ఫలానా తేదీన తలుపు తెరుచునని చెప్పుచుండగా, తలుపుకు గడియ ఇంకా బిగించలేదని పైవారికి చెప్పగల గుమాస్తా ఎవడు? చెడువార్త ఒక్కొక్క మెట్టు ఎక్కునప్పటికి కొంత కొంత మెత్తబడును. చివరి మెట్టుకు చేరునప్పటికి అది శుభవార్తగా మారి ఉండును. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మనకు నవ్వు తెప్పించునుగాని, పేరు ముందే ప్రకటించిన ఇంటిలో ఆడపిల్ల పుట్టినను సోమలింగమనియే పిలువవలసి వచ్చునన్న చిక్కును ఆ సామెత చెప్పినవారు కూడ ఊహించి ఉండరు.

పైకి కనిపించని జ్వరం

జ్వరం బహిర్వేగమని, అంతర్వేగమని రెండు విధాలని ఆయుర్వేదం చెప్పును. బహిర్వేగంలో చర్మం కాలిపోవుచున్నట్లు ఉండును. చూచువారు భయపడుదురుగాని అది సులభంగా తగ్గును. అంతర్వేగంలో తాపం లోపల దాగి ఉండును. అదియే కష్టసాధ్యం. తెర మీద ఏమీ కదలకుండుట ఆ వెబ్‌సైటుకు బహిర్వేగ జ్వరం వంటిది. అందరూ దానినే చూచినారు, దానినే ఎగతాళి చేసినారు. లోపల మరొకటి ఉన్నది.

కష్టపడి చివరివరకు వెళ్ళగలిగినవారి వివరాలు బీమా కంపెనీలకు చేరునప్పుడు తప్పులతో చేరినవి. కొన్ని రెండుసార్లు చేరినవి. కొన్ని చేరనే లేదు. కొన్నింటిలో భార్యాపిల్లల వివరాలు తారుమారైనవి. అక్టోబరు, నవంబరు నెలలలో పంపిన పత్రాలలో నాలుగింట ఒకటి వరకు దోషంతో ఉండి ఉండవచ్చునని ప్రభుత్వమే డిసెంబరులో ప్రకటించినది. తెర నిలిచిపోయినవానికి తనకు బీమా లేదని తెలియును, మరల ప్రయత్నించును. తెర మీద అభినందనలు కనిపించినవాడు తనకు బీమా ఉన్నదనుకొని నిశ్చింతగా ఉండును. జనవరిలో ఆసుపత్రికి వెళ్ళి పేరు చెప్పినప్పుడు అక్కడ పేరు లేకున్నచో అతని గతి ఏమి? ఆరోగ్యసేవలలో పనిచేయని యంత్రం కన్న పనిచేసినట్లు కనిపించు యంత్రం ఎక్కువ ప్రమాదకరం.

కాలం కూడ కలిసి రాలేదు. జనవరి 1 నుండి రక్షణ కావలెనన్న డిసెంబరు 15లోగా చేరవలెనని మొదట నియమం. దానిని తరువాత డిసెంబరు 24 వరకు పొడిగించినారు. ఇదే సమయంలో కొత్త చట్టం ప్రమాణాలకు తగని పాత పాలసీలు రద్దగుచున్నవని లక్షలాది మందికి ఉత్తరాలు వచ్చినవి. నచ్చిన పాలసీని అట్టే ఉంచుకొనవచ్చునని అధ్యక్షుడు లోగడ పలుమార్లు చెప్పి ఉండుటచే ఈ ఉత్తరాలు మరింత కోపం పుట్టించినవి. పాతది పోవుచున్నది, కొత్తది దొరకుట లేదు. నెలనెలా మందులు, కీమోథెరపీ, డయాలిసిస్ అవసరమైన వారికి ఈ రెండింటి నడుమ ఒక్క నెల ఖాళీ వచ్చినను అది చిన్న విషయం కాదు.

వెబ్‌సైటు పనిచేయనిచో ఫోన్ చేయవచ్చును, కాగితం మీద దరఖాస్తు పంపవచ్చును అని అక్టోబరు 21న అధ్యక్షుడు చెప్పినారు. వినుటకు ఇది మంచి ప్రత్యామ్నాయమే. అయితే ఫోన్ ఎత్తినవారు, కాగితం అందుకొన్నవారు కూడ ఆ వివరాలను చివరకు అదే వెబ్‌సైటులో నమోదు చేయవలసి ఉన్నది. మూడు దారులూ ఒకే ఇరుకు సందులో కలిసినవి.

ఎవరు తిరిగి రారు?

ఈ ఉదంతంలో మిక్కిలి ముఖ్యమైన విషయం ఇది. మన దేశంలో ఆరోగ్యబీమా తీసుకొనువారికి కూడ ఉపయోగపడును కావున కొంచెం వివరింతుము.

బీమా అనునది పదిమంది కూడబెట్టిన సొమ్మును జబ్బుపడిన ఒక్కరికి ఇచ్చు ఏర్పాటు. జబ్బు లేనివారు ఎక్కువగా చేరినప్పుడే ప్రీమియం తక్కువగా ఉండును. జబ్బు ఉన్నవారే చేరినచో ఖర్చు పెరుగును. ఖర్చు పెరిగినచో మరుసటి సంవత్సరం ప్రీమియం పెరుగును. ప్రీమియం పెరిగినచో ఆరోగ్యవంతులు మరికొందరు తప్పుకొందురు. ఈ చక్రం ఒకసారి తిరుగుట మొదలిడినచో ఆపుట కష్టం. కావుననే ఆ ప్రభుత్వం యువకులను ఆకర్షించుటకు అంత ప్రచారం చేసినది. వారి తర్కంలో దోషం లేదు.

దోషం సమయంలో ఉన్నది. పనిచేయని వెబ్‌సైటు ముందు ఎవరు ఓపికగా కూర్చుందురు? క్యాన్సరు ఉన్న స్త్రీ కూర్చుండును. ఆమె అర్ధరాత్రి లేచి ఇరువదిసార్లు ప్రయత్నించును. ఆమెకు వేరు దారి లేదు. ఇరువది ఆరేళ్ళ ఆరోగ్యవంతుడు రెండుసార్లు నొక్కి చూచి, విసిగి, మూసివేయును. అతనిని మరల పిలుచుకొని వచ్చుట మొదటిసారి పిలుచుట కన్న చాల కష్టం. ఏ ప్రచారం అతనిని తలుపు వరకు తెచ్చినదో, ఆ ప్రచారమే తలుపు మూసి ఉన్నదని అతనికి చూపినట్లయినది. అతడు రానందువలన పెరుగు ప్రీమియం కట్టవలసినది మాత్రం ఆ క్యాన్సరు రోగియే. మొదటి నెలలో దేశమంతట సుమారు 5 లక్షల మంది చేరుదురని ప్రభుత్వ లోపలి అంచనా. చేరినవారు 1,06,185. అందులో కేంద్ర వెబ్‌సైటు ద్వారా చేరినవారు 26,794 మాత్రమే.

పేయ, విలేపి, యూషం

వమన విరేచనాదులచే శోధన జరిగిన తరువాత రోగికి వెంటనే విందు భోజనం పెట్టరాదు. అప్పుడు జఠరాగ్ని మందంగా ఉండును. మొదట పలుచని పేయ, పిదప చిక్కని విలేపి, పిదప ఉప్పుకారం లేని యూషం, పిదప సంస్కరించిన యూషం, ఆ తరువాత మాంసరసం అను వరుసలో అగ్నిని పెంచుకొనుచు రావలెను. దీనికి సంసర్జన క్రమమని పేరు. ఉత్తమ శోధన జరిగినవానికి ఇది ఏడు దినాలు పట్టును. నిప్పురవ్వ మీద ఒక్కసారిగా మొద్దులు వేసినచో ఆరిపోవును. గడ్డి, పిడకలు కొంచెం కొంచెంగా వేసినచో అదే రవ్వ పెద్ద మంటయగునని శాస్త్రం పోలిక చెప్పును. అక్టోబరు 1న జరిగినది రవ్వ మీద మొద్దులు వేయుట. తరువాత రెండు నెలలు జరిగినది సంసర్జన క్రమం.

అక్టోబరు చివరి వారంలో మరమ్మతుల బాధ్యతను జెఫ్రీ జైంట్స్ అను అధికారికి అప్పగించినారు. గూగుల్ వంటి సంస్థలలో పనిచేసిన ఇంజనీర్లు వచ్చి చేరినారు. వెబ్‌సైటు ఏ క్షణంలో పనిచేయుచున్నదో, ఎక్కడ నిలిచిపోయినదో ఒకచోట చూపు ఏర్పాటే అప్పటివరకు లేదు. నాడి చూచు సాధనం లేకనే అంతకాలం చికిత్స చేసినారన్నమాట. మొదట దానిని సమకూర్చుకొన్నారు. ఖాతా లేకనే ధరలు చూచు వీలు కల్పించినారు. రద్దీ ఎక్కువైనప్పుడు వచ్చినవారిని వరుసలో నిలిపి, వీలైనప్పుడు కబురు పంపి పిలుచు పద్ధతి పెట్టినారు. చిన్న వ్యాపారస్థుల కొరకు ఉద్దేశించిన ఆన్‌లైన్ విభాగాన్ని ఒక సంవత్సరం వాయిదా వేసినారు.

అన్నింటికన్న గమనింపదగినది వారు ప్రజలకు ఇచ్చిన మాట. నవంబరు 30 నాటికి అత్యధిక సంఖ్యాకులకు వెబ్‌సైటు సాఫీగా పనిచేయునని చెప్పినారు. అందరికీ అనలేదు, అద్భుతంగా అనలేదు. ఒకే సమయంలో 50 వేల మంది, రోజుకు 8 లక్షల సందర్శనలు అను లెక్కను ముందే చెప్పినారు. నవంబరు ఆరంభంలో నూటికి 43 వంతుల సమయం మాత్రమే నిలబడిన వెబ్‌సైటు, ఆ నెలాఖరుకు 95 వంతులు నిలబడినది. 2014 వసంతంలో గడువు ముగియునప్పటికి రాష్ట్రాల వెబ్‌సైట్లతో కలిపి సుమారు 80 లక్షల మంది పాలసీలు ఎంచుకొన్నారు. వారిలో సుమారు 54 లక్షల మంది ఆ కేంద్ర వెబ్‌సైటు ద్వారా వచ్చినవారే. ఆరోగ్యశాఖ మంత్రి కాథ్లీన్ సెబీలియస్ అక్టోబరు 30న చట్టసభ సంఘం ముందు క్షమాపణ చెప్పి, 2014 ఏప్రిల్‌లో రాజీనామా ప్రకటించినారు.

అదే అక్టోబరు 1న రాష్ట్రాలు తెరిచిన వెబ్‌సైట్లలో రెండింటిని పోల్చి చూచిన విషయం ఇంకను స్పష్టమగును. కెంటకీ రాష్ట్రం కైనెక్ట్ అను పేరుతో ఆడంబరం లేని సాదా వెబ్‌సైటు కట్టినది. ఖాతా లేకనే ధరలు చూడనిచ్చినది. మొదటి దినాన తడబడినను త్వరలోనే నిలదొక్కుకొని, దేశంలో మెచ్చుకొనబడిన వాటిలో ఒకటైనది. ఆరిగన్ రాష్ట్రంలో కథ వేరు. అక్కడ గవర్నరు జాన్ కిట్జాబర్ స్వయంగా అత్యవసర చికిత్సా విభాగంలో పనిచేసిన వైద్యుడు. ఆరోగ్య సంస్కరణలలో పేరు పొందినవాడు. స్థానిక గాయకులచే పాటలు పాడించి, చక్కని ప్రకటనలతో ప్రజల మనస్సులు గెలుచుకొన్నారు. పాటలు అందరికీ నచ్చినవి. వెబ్‌సైటు మాత్రం తెరుచుకొనలేదు. ఇంటి నుండి ఒక్క సామాన్యుడు కూడ మొదటినుండి చివరివరకు తనంతట తాను చేరలేకపోగా, వందలాది మందిని నియమించి కాగితపు దరఖాస్తులను చేతితో నడిపించినారు. 2014 ఏప్రిల్‌లో ఆ వెబ్‌సైటును వదలిపెట్టి, అంతకు ముందు అందరూ నవ్విన కేంద్ర వెబ్‌సైటునే ఆశ్రయించుటకు నిర్ణయించినారు.

వైద్యుని మించిన యంత్రమా?

పైన చెప్పినది తేదీని గురించి, రద్దీని గురించి జరిగిన అతిప్రచారం. శక్తిని గురించి జరుగునది మరొక రకం. లండన్‌లో 2013లో స్థాపింపబడిన బాబిలోన్ హెల్త్ సంస్థ ఫోనులో రోగలక్షణాలు అడిగి సలహా చెప్పు యంత్రబుద్ధిని తయారు చేసినది. 2018 జూన్‌లో ఆ నగరపు రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ భవనంలో సభ జరిపి, కుటుంబ వైద్యుల పట్టా పరీక్షలో వచ్చు ప్రశ్నల వంటి వాటికి తమ యంత్రం నూటికి 81 మార్కులు తెచ్చుకొన్నదనీ, వైద్యుల ఉత్తీర్ణతకు సగటున కావలసినది 72 అనీ ప్రకటించినారు. ఆ పరీక్ష నడుపు కుటుంబ వైద్యుల కళాశాల వెంటనే అభ్యంతరం చెప్పినది. ఆ సంవత్సరమే లాన్సెట్ పత్రికలో ముగ్గురు నిపుణులు, ఆ యంత్రం వాస్తవ పరిస్థితులలో వైద్యులకన్న మిన్నగా పనిచేయునని నమ్ముటకు తగిన ఆధారం లేదని వ్రాసినారు. 2021లో అమెరికా షేర్ల విపణిలో 400 కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టబడిన ఆ సంస్థ 2023 ఆగస్టులో కుప్పకూలినది.

ప్రశ్నాపత్రంలో రోగి తన బాధను ఒక క్రమంలో, తప్పు లేకుండ చెప్పును. వైద్యశాలకు వచ్చు రోగి అట్లు చెప్పడు. కడుపునొప్పి అని వచ్చి, లేచి పోవునప్పుడు ఎడమచేయి లాగుచున్నదని చెప్పును. ప్రశ్నాపత్రం నుండి వైద్యశాలకు గల దూరం ఈ మాటలోనే ఉన్నది.

మన అనుభవం: 2021

మన దేశంలో 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు, 18 నుండి 44 ఏళ్ళ వారు కోవిడ్ టీకాకై పేరు నమోదు చేసుకొనుటకు కోవిన్ వెబ్‌సైటు తలుపులు తెరిచినారు. రెండవ ఉప్పెన ఉద్ధృతంగా ఉన్న రోజులవి. మొదట కొంతసేపు తడబడినను, ఆ ఒక్క దినమే సుమారు 1 కోటి 33 లక్షల మంది నమోదైనారు. ఇంత భారం మోసిన వెబ్‌సైటును నిర్మించినవారి నైపుణ్యాన్ని తప్పుపట్టుటకు వీలు లేదు.

అయితే పేరు నమోదు కాగానే టీకా దొరకలేదు. మే 1 నాటికి నిల్వలు లేవని అనేక రాష్ట్రాలు చెప్పినవి. మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాలు 45 ఏళ్ళు దాటినవారి రెండవ మోతాదుకే ప్రాధాన్యం ఇచ్చినవి. ఇక్కడ వెబ్‌సైటు నిలబడినది, వెనుక గాదెలో గింజ లేదు. అంగడి తలుపు తెరుచు ఉత్సవం ఘనంగా చేసి సరుకును తరువాత తెప్పించు పద్ధతి ఇది. దొరికిన కొద్ది టీకాలు వేగవంతమైన ఇంటర్నెట్, ఇంగ్లీషు పరిజ్ఞానం, గంటల కొలది తెర ముందు కూర్చొను తీరిక ఉన్నవారికి మొదట చేరినవి. తెలుగుతో సహా ప్రాంతీయ భాషలు ఆ వెబ్‌సైటులో జూన్ నెలలోగాని చేరలేదు. సుప్రీంకోర్టు కూడ ఈ అసమానతను ప్రశ్నించినది. మే 24 నుండి ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడే నమోదు చేయుటకు ఈ వయస్సు వారికి కూడ అనుమతి ఇచ్చినారు. ఆ మార్పు మొదటినుండియే ఉండవలసినదని మా అభిప్రాయం.

పాఠకులు తెలుసుకొనదగినవి

కొత్త ఆన్‌లైన్ ఆరోగ్యసేవ ఏదైనను ప్రకటన చూచినప్పుడు, అది ఏమి చేయునని చెప్పినారో దానికన్న ఏమి చేయలేదో చెప్పినారా అని చూడవలెను. పరిమితులు చెప్పుకొన్న సేవకు కొంత పరీక్ష జరిగినదని అనుకొనవచ్చును. అత్యవసరం కానిచో మొదటి వారం రద్దీలో చేరనవసరం లేదు. అట్లని గడువు చివరి దినం వరకు ఆగుట కూడ తగదు. ఆనాడు మరల అదే రద్దీ ఏర్పడును.

కొత్త సేవ చేతికి అందువరకు పాత పద్ధతిని విడువరాదు. కొత్త పాలసీ కాగితం చేతికి వచ్చి, బీమా కంపెనీకి ఫోన్ చేసి అక్కడ మీ పేరు, కుటుంబసభ్యుల పేర్లు, ప్రారంభ తేదీ సరిగా ఉన్నవని విన్న తరువాతనే పాత పాలసీ చెల్లింపు ఆపవలెను. తెర మీద వచ్చిన అభినందనలు రసీదు కావు. నమోదు సంఖ్యను కాగితం మీద వ్రాసి, మందుల చీటీలతో పాటు ఉంచుకొనవలెను. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, ఆస్తమా మందులు వాడువారు వైద్యుని మార్చుచున్నను, సేవను మార్చుచున్నను, ఆ నడుమ కాలానికి సరిపడు మందులను ముందుగా తెచ్చుకొనవలెను.

ఫోను ద్వారా వైద్యసలహా పొందువారు మరొకటి గమనించవలెను. 2020 మార్చి 25న మన దేశంలో వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం యంత్రబుద్ధి గల వేదికలు వైద్యునికి సహాయపడవచ్చునుగాని, తామే రోగికి సలహా చెప్పరాదు, మందులు వ్రాయరాదు. సలహా ఇచ్చునది రిజిస్టర్డు వైద్యుడే కావలెను. ఆయన రిజిస్ట్రేషను సంఖ్య మందుల చీటీ మీద ఉండవలెను. ఆ సంఖ్య లేని చీటీతో మందులు కొనరాదు. ఆయుర్వేద ఔషధాలకు కూడ ఈ జాగ్రత్త అవసరమే. ముఖ్యంగా భస్మాలు, రసౌషధాలు వైద్యుడు చూడకుండ, మాత్ర నిర్ణయింపకుండ వాడదగినవి కావు.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవుట, మూతి వంకర పోవుట, ఒక పక్క కాలుసేతులు పడిపోవుట, స్పృహ తప్పుట వంటి లక్షణాలు కనిపించినప్పుడు ఏ ఆన్‌లైన్ సేవలోను లక్షణాలు నింపుచు కూర్చొనరాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, రోగిని ఆసుపత్రికి తరలించవలెను.